మీ ఊరి పక్కన గనో ఫ్యాక్టరీయో వస్తోందా? ప్రజాభిప్రాయ సేకరణలో ఏం చేయాలి, అప్పీలు ఎలా వేయాలి

మా మండలంలో ఒక సున్నపురాయి గనికి పర్యావరణ అనుమతి వచ్చిన సంగతి మాకు 103వ రోజున తెలిసింది. అనుమతి కాపీ అప్పటికే ఒక పంచాయతీ ఆఫీసు బీరువాలో ఉంది, అందిన తేదీ ముద్రతో సహా. నోటీసు బోర్డు మీద అంటించాల్సిన కాగితం అది. అప్పీలుకు చట్టం ఇచ్చిన గడువు 30 రోజులు. ఆలస్యానికి తగిన కారణం చూపితే ఇంకో 60. పేపర్లో ప్రకటన పడింది, వెబ్‌సైట్లో కాపీ ఉంది, కాబట్టి గడువు అప్పుడే మొదలైందని చెన్నైలో వకీలు చెప్పాడు. పదమూడు రోజులు దాటిపోయాయి. సభ రోజు ఎండలో నిలబడి మాట్లాడిన వాళ్లెవరికీ ఈ లెక్క తెలియదు. నాకూ తెలియదు.

ఆ తర్వాత చాలా ఊళ్ల వాళ్లతో కూర్చున్నాను. దామరచర్ల, మఠంపల్లి, మేళ్లచెరువు వైపు సిమెంటు ఫ్యాక్టరీలు, చౌటుప్పల్ వైపు మందుల కంపెనీలు, పాలమూరులో ఇథనాల్, నల్లమలలో యురేనియం మాట. ఎక్కడికి పోయినా ఒకటే తీరు. జనానికి ధైర్యం ఉంది, మాట ఉంది. కాగితం మాత్రం ఉండదు. ఈ అప్పీళ్లు వినే జాతీయ హరిత ట్రిబ్యునల్ ముందు నిలబడేది కాగితమే. అందుకే దీన్ని మొదటి నుంచి చివరిదాకా, ఏ రోజు ఏం చేయాలో రాస్తున్నాను.

ముందు అది ఏ సభో తెలుసుకోండి

"రేపు సభ ఉందట" అంటే సరిపోదు. సభలు మూడు రకాలు. భూమి తీసుకోవడానికి రెవెన్యూ వాళ్లు పెట్టే సభ ఒకటి. గ్రామసభ ఇంకొకటి. అడవి భూమి మీద హక్కులు ఉన్న చోట, అమ్రాబాద్ దిక్కు చెంచు పెంటల (చెంచుల గూడేల) వంటి చోట, 2006 అటవీ హక్కుల చట్టం వల్ల గ్రామసభకు చాలా బలం ఉంది. మూడోది పర్యావరణ అనుమతి కోసం జరిగే ప్రజాభిప్రాయ సేకరణ. దీన్ని నడిపేది కాలుష్య నియంత్రణ మండలి, అంటే పీసీబీ. ఇక్కడ చెప్పేదంతా ఈ మూడో సభ గురించే. భూమి ధర, ఇంటికో ఉద్యోగం గురించి ఈ సభలో ఎంత మాట్లాడినా వాటిని తేల్చే అధికారం ఈ సభకు లేదు. అడగవద్దని కాదు. వాటితోనే పొద్దు గడిచిపోతే నీళ్లు, దుమ్ము, పేలుళ్ల మాట మిగిలిపోతుందని చెబుతున్నాను.

ఈ సభకు ఆధారం 2006 సెప్టెంబరు 14న కేంద్రం ఇచ్చిన ఈఐఏ (పర్యావరణ ప్రభావ అంచనా) నోటిఫికేషన్. అందులో ప్రాజెక్టుల జాబితా ఉంది. పెద్దవి 'ఎ' వర్గం, వాటికి అనుమతి ఢిల్లీ ఇస్తుంది. చిన్నవి 'బి', వాటికి రాష్ట్ర స్థాయి అథారిటీ ఇస్తుంది. బొగ్గుతో నడిచే విద్యుత్ కేంద్రం 500 మెగావాట్లు, ఆపైన అయితే 'ఎ'. సిమెంటు ఫ్యాక్టరీ ఏడాదికి 10 లక్షల టన్నులు, ఆపైన అయితే 'ఎ'. అభయారణ్యానికో, రాష్ట్ర సరిహద్దుకో 5 కిలోమీటర్ల లోపల ఉంటే 'బి' ప్రాజెక్టుల్లో చాలావాటిని ఢిల్లీయే చూడాలి. కృష్ణ ఒడ్డున ఉన్న మన ఊళ్లకు అవతలి గట్టు ఆంధ్రప్రదేశే కనుక ఈ నిబంధన గుర్తు పెట్టుకోండి.

'బి'లో మళ్లీ బీ1, బీ2 అని రెండు. బీ2 అయితే సభ ఉండదు. పెట్రోల్‌లో కలిపే ఇథనాల్ కోసమే పెట్టే ఫ్యాక్టరీలను 2021 జూన్‌లో కేంద్రం బీ2 కిందికి తెచ్చింది. నారాయణపేట జిల్లా చిత్తనూరులో 2023లో రైతులు ఇథనాల్ ఫ్యాక్టరీ మీద రోడ్డెక్కినప్పుడు చాలామంది అడిగిన ప్రశ్న, "మమ్మల్ని ఎవరు అడిగిండ్రు?" అని. ఆ ప్రశ్నకు మూలం ఇక్కడుంది. అనుమతి పొందిన పారిశ్రామిక పార్కు లోపలికి వచ్చే కంపెనీలకూ విడిగా సభ ఉండదు. కాబట్టి పార్కు మీద జరిగే సభే మీకు మొదటిది, చివరిది. "ఇంకా ఏ కంపెనీ వస్తదో తెల్వదు కద, వచ్చినప్పుడు చూద్దాం" అని ఆ రోజు ఇంట్లో కూర్చోకండి.

ఖనిజాల సంగతి ఇంకా కష్టంగా ఉంది. 2003లో లంబాపూర్, పెద్దగట్టు యురేనియం గని మీద సభ జరిగితే నాగార్జునసాగర్ నీళ్ల గురించి జనం గట్టిగా నిలబడ్డారు. ఆ గని ఇప్పటిదాకా తవ్వలేదు. కానీ 2025 సెప్టెంబరులో కేంద్ర పర్యావరణ శాఖ అణు ఖనిజాలు, కీలక ఖనిజాల గనులకు ప్రజాభిప్రాయ సేకరణ అక్కర్లేదని ఉత్తర్వు ఇచ్చింది. ఇకముందు అలాంటి గనికి 2003 నాటి సభ లాంటిది జరగదు. జనం నోరు ఎక్కువ అవసరమైన చోటే నోరు మూయించినట్టుగా నాకు అనిపిస్తుంది. అలాంటి చోట గ్రామసభ, అటవీ అనుమతి, తర్వాత అప్పీలు, ఈ మూడే మిగులుతాయి.

గాలిమరలు, సోలార్ ప్లేట్లు ఈ జాబితాలోనే లేవు. 

పేపర్లో ప్రకటన పడిన రోజే పని మొదలు

సభకు కనీసం 30 రోజుల ముందు ఒక జాతీయ దినపత్రికలో, ఒక తెలుగు పత్రికలో ప్రకటన రావాలి. పేపరు అందని ఊళ్లలో దండోరా వేయించాలని నోటిఫికేషనే చెబుతోంది. ప్రకటన పడిన పేజీ మొత్తం దాచుకోండి, పేపరు పేరు, తేదీ కనిపించేటట్టు. మీ ఊళ్లో దండోరా పడకపోతే ఆ సంగతి అప్పుడే కలెక్టర్‌కు ఉత్తరంగా రాసి పెట్టండి. ఏడాది తర్వాత "మాకు చెప్పలేదు" అంటే వినేవాళ్లుండరు. సభకు ముందే రాసిన ఉత్తరం మీద ఇన్‌వర్డ్ ముద్ర, అంటే కాగితం అందిందని ఆఫీసు వేసే ముద్ర, ఉంటే వింటారు.

సభ ప్రాజెక్టు స్థలంలోనో, దానికి బాగా దగ్గరలోనో జరగాలి. జిల్లా కేంద్రంలో ఫంక్షన్ హాలులో పెడితే అది తప్పు. తేదీ, చోటు ఊరికే మార్చడానికీ వీల్లేదు. నిజంగా అత్యవసరం వచ్చి, కలెక్టర్ సిఫారసు చేస్తేనే మార్చాలి. మార్చిన సంగతి మళ్లీ అవే పత్రికల్లో వేయాలి.

ఆ 30 రోజుల్లో మీ మొదటి పని రిపోర్టు సంపాదించడం. ముసాయిదా ఈఐఏ నివేదిక కలెక్టరేట్‌లో, జిల్లా పరిషత్‌లో, జిల్లా పరిశ్రమల కేంద్రంలో, స్థానిక సంస్థల దగ్గర, పీసీబీ ప్రాంతీయ కార్యాలయంలో చూడటానికి పెట్టాలి. పోయి అడగండి. "సార్ లేడు, రేపు రండి" అంటే అక్కడే తెల్లకాగితం తీసుకుని, "ఫలానా రోజు ఇన్ని గంటలకు వచ్చాను, నివేదిక చూపించలేదు" అని రాసి ఇన్‌వర్డ్‌లో ఇచ్చి, జిరాక్స్ మీద ముద్ర వేయించుకోండి. ముద్ర వేయబోమని అంటే అదే రోజు స్పీడ్ పోస్టులో పంపండి. పోస్టు రశీదు పోగొట్టుకోవద్దు. సమాచార హక్కు దరఖాస్తు కూడా వేయవచ్చు, 10 రూపాయలే. కానీ దానికి జవాబు గడువే 30 రోజులు, అంతలో సభ అయిపోతుంది. రెండూ చేయండి, దాని మీదే ఆధారపడకండి.

తెలుగులో దొరికేది సారాంశం మాత్రమే, పది ఇరవై పేజీలు. అసలు నివేదిక ఇంగ్లిష్‌లో వందల పేజీలు ఉంటుంది. ఇది పెద్ద అన్యాయమే. ప్రస్తుతానికి దారి ఒకటే: ఊళ్లో డిగ్రీ చదివిన ఆడపిల్లలు, మగపిల్లలు నలుగురిని కూర్చోబెట్టి అధ్యాయాలు పంచుకోవడం. ఒక ఊళ్లో బీఎస్సీ చదివే అమ్మాయి రెండు రాత్రుల్లో నీళ్ల అధ్యాయం మొత్తం చదివి వాళ్ల నాయనకు చెప్పింది. ఆ రోజు సభలో అధికారులు తల ఎత్తి చూసింది ఆయన మాట్లాడినప్పుడే.

ఆ రిపోర్టులో ఎక్కడ చూడాలి

మొత్తం చదవలేకపోతే నీళ్ల పట్టిక ఒక్కటి చదవండి. ప్రాజెక్టు చుట్టూ 10 కిలోమీటర్ల లోపల కొన్ని ఊళ్లను ఎంచుకుని బోర్ల నుంచి, బావుల నుంచి నీళ్లు తీసి పరీక్ష చేసిన లెక్కలు అందులో ఉంటాయి. పట్టికలో ఊరి పేరు, దాని ఎదురుగా అంకెలు. ఫ్లోరైడ్ వరుస చూడండి. తాగేనీటిలో లీటరుకు 1 మిల్లీగ్రాము దాకా మంచిది, వేరే దారి లేనప్పుడు 1.5 దాకా ఒప్పుకుంటారు. నల్లగొండ వాళ్లకు ఈ అంకె ఎవరూ నేర్పక్కర్లేదు, మన మోకాళ్లకు తెలుసు. నేను చూసిన ఒక పట్టికలో మా పక్క ఊరి నీళ్లలో ఫ్లోరైడ్ 0.6 అని ఉంది. అదే ఊళ్లో పళ్లు గారపట్టని పిల్లలను వెతుక్కోవాలి. ఆ ఊరివాళ్లు చేసిందేమిటంటే, గ్రామీణ నీటి సరఫరా విభాగం అంతకుముందు చేసిన పరీక్షల కాగితాలు తెచ్చి పక్కన పెట్టారు. వాదించలేదు, అరవలేదు, రెండు కాగితాలు పక్కపక్కన పెట్టి ఇచ్చారు. ఇలాంటి తేడా ఒక్కటి దొరికితే మీ అభ్యంతరానికి వెన్నెముక దొరికినట్టే.

తర్వాత చూడాల్సింది, ఏం రాయలేదు అనేది. మీ చెరువు పేరు ఉందా? వాగు ఉందా? బత్తాయి తోటలు ఎన్ని ఎకరాలని రాశారు, లేక "బీడు భూములు" అని ఒక్క మాటలో తేల్చారా? బడి ఎంత దూరమని రాశారు? ఆ దూరాన్ని మీ ఫోన్‌లో మ్యాపు తెరిచి కొలవండి. నీళ్లు ఎక్కడి నుంచి తెస్తారు, రోజుకు ఎంత? లారీలు రోజుకు ఎన్ని, ఏ రోడ్డు మీద? గని అయితే పేలుళ్లు ఎప్పుడు, ఇళ్లకు ఎంత దూరంలో? గాలి ఏ దిక్కుకు వీస్తుందని రాశారు? చాలా నివేదికలు ఒక్క సీజన్ లెక్కలతోనే సరిపెడతాయి. మార్చి నుంచి మే దాకా తీసిన లెక్క అయితే మన బోర్లు ఎండిపోయిన కాలం అది. వానాకాలంలో గుట్ట మీది నీళ్లు గని దుమ్మును ఎటు మోసుకుపోతాయో అందులో కనబడదు.

ఇంకొక పని, ఈఐఏ తయారు చేసిన సంస్థ పేరు రాసి పెట్టుకోండి. వేరే జిల్లా పేరో, వేరే నది పేరో మధ్యలో కనిపిస్తే ఆ పేజీ ఫొటో తీయండి. తప్పుడు సమాచారం ఇచ్చినా, కావాలని దాచినా దరఖాస్తును తిరస్కరించవచ్చు, ఇచ్చిన అనుమతిని కూడా రద్దు చేయవచ్చు అని నోటిఫికేషన్ 8వ పేరా చెబుతోంది. గోవాలోని మోపా విమానాశ్రయం కేసులో 2019 మార్చిలో సుప్రీంకోర్టు సమాచారం దాచినందుకే అనుమతిని కొంతకాలం ఆపింది.

అభ్యంతరం రాతలో ఇవ్వండి, సభకు ముందే

రాతపూర్వక అభ్యంతరం ఎవరైనా పంపవచ్చు. హైదరాబాద్‌లో చదువుకుంటున్న మీ అబ్బాయి, ముంబైకి పనికి పోయిన మీ తమ్ముడు కూడా పంపవచ్చు. పాలమూరు ఊళ్లలో సగం మంది వలసలో ఉంటారు కనుక ఇది చాలా ముఖ్యం. పీసీబీకి పంపండి. ఒక కాపీ కలెక్టర్‌కు.

ఒక్కొక్క అభ్యంతరానికి ఒక అంకె వేయండి. ఇదిగో, మా దగ్గర ఇలా రాస్తాం:

"1. నివేదికలోని నీటి పట్టికలో మా గ్రామం బోరు నీటిలో ఫ్లోరైడ్ ఇంత అని ఉంది. గ్రామీణ నీటి సరఫరా విభాగం పరీక్షలో ఇంత వచ్చింది. కాపీ జత చేశాం. నీటి నమూనా మళ్లీ తీయాలి, మా ముందు తీయాలి.
2. మా ఊరి చెరువు గని హద్దు నుంచి ఇంత దూరంలో ఉంది. నివేదికలో దాని పేరే లేదు. రెవెన్యూ మ్యాపు జత చేశాం."

ఇంతే. "మా బతుకులు ఆగం చేయొద్దు" అని కూడా రాయండి, అది నిజమే కనుక. కానీ అది చివర్లో రాయండి. ముందు అంకెలు, పేజీ నంబర్లు. వంద మంది ఒకే జిరాక్స్ మీద సంతకాలు పెట్టిన ఉత్తరం కంటే, పది మంది పది వేరు వేరు విషయాల మీద రాసిన పది ఉత్తరాలు బలంగా ఉంటాయి.

సభ రోజు

కలెక్టర్ గానీ, అదనపు కలెక్టర్ స్థాయికి తగ్గని అధికారి గానీ నడపాలి. పక్కన పీసీబీ ప్రతినిధి ఉంటారు. మొత్తం వీడియో తీయాలి. ఇంతమంది వస్తేనే సభ అనే లెక్క లేదు, పది మంది వచ్చినా సభ జరిగినట్టే. అక్కడ ఉన్న ప్రతి ఒక్కరికీ కంపెనీ వాళ్లను ప్రశ్నలు అడిగే అవకాశం ఇవ్వాలి. "టైం అయిపోయింది" అని మైకు లాక్కుంటే, "నా మాట పూర్తి కాలేదు, ఈ సంగతి రాసుకోండి" అని చెప్పండి. కెమెరాలో పడుతుంది. మీ వాళ్లలో ఒకరు మొదటి నుంచి చివరిదాకా ఫోన్‌లో వీడియో తీయాలి. ఆ పని ఒకరికే అప్పజెప్పండి, పవర్ బ్యాంకు ఇచ్చి మరీ.

మాట్లాడేటప్పుడు పేరు, ఊరు, సర్వే నంబరు, తర్వాత విషయం. మాట అయిపోగానే అదే మాట రాసిన కాగితం పీసీబీ అధికారి చేతికి ఇచ్చి ముద్ర వేయించుకోండి.

ఒక సభ నాకు మరుపు రాదు. ఎనభై ఏళ్ల ఒక కాక తన బావి గురించి మాట్లాడాడు. తన తాత ఎట్లా తవ్వించాడో, ఎన్ని మట్టాల లోతో, పక్కన ఇంకో గని మొదలైన ఏడాది నీళ్లు ఎన్ని మట్టాలు దిగిపోయాయో, ఏ నెలలో మోటారు గాలి పీల్చిందో. పావుగంట. పందిట్లో ఒక్కరూ కదలలేదు. సభ అయ్యాక అడిగాను, "కాకా, నువ్వు చెప్పింది రాసుకున్నరా?" అని. "ఏమో బిడ్డా, కెమెరా అయితే నా దిక్కే ఉండె" అన్నాడు. మినిట్స్, అంటే సభలో జరిగినదాన్ని అధికారులు రాసిన కాగితం, బయటికొచ్చాక చూస్తే ఆ పావుగంట ఒక్క వాక్యమై కూర్చుంది: "భూగర్భ జలాల గురించి స్థానికులు ప్రస్తావించారు." ఆ మట్టాలు లేవు, ఆ నెల లేదు, ఆ బావే లేదు. కాక మాటను నలుగురం కూర్చుని కాగితం మీద పెట్టి ఇచ్చి ఉంటే, అది నివేదికకు జతయ్యేది. ఆ తప్పు మాది.

అందుకే సభ చివర్లో లేచి వెళ్లిపోకండి. సభలో వచ్చిన అభిప్రాయాలన్నీ ఉన్న సారాంశాన్ని అక్కడే, తెలుగులో చదివి వినిపించాలి. ఒప్పుకున్న మినిట్స్ మీద అదే రోజు అధికారి సంతకం చేయాలి. అన్నం డబ్బాలు పంచే వేళకు అందరూ పందిట్లోంచి బయటికి నడుస్తారు, ఖాళీ కుర్చీల ముందు చదువుతారు. మీరు ఇరవై మంది కూర్చుని ఉండండి. మీ మాట అందులో లేకపోతే లేచి చెప్పండి. చేర్చకపోతే అదే రోజు ఉత్తరం రాయండి.

కోపంలో సభను చెడగొట్టే ఆలోచన వస్తుంది. కుర్చీలు ఎత్తేస్తే సభ ఆగుతుంది, ప్రాజెక్టు ఆగిపోతుంది అనుకుంటారు. ఆగదు. స్థానిక పరిస్థితుల వల్ల జనం స్వేచ్ఛగా మాట్లాడేటట్టు సభ జరపలేమని అధికారులు రిపోర్టు ఇస్తే, సభ లేకుండానే ముందుకు పోవచ్చని నోటిఫికేషన్‌లోనే ఉంది. పైగా పిల్లల మీద కేసులు పడతాయి. మీ మాట రికార్డయ్యే అవకాశాన్ని మీ చేతులతో మీరు పోగొట్టుకోవద్దు. సభను బహిష్కరించాలని ఊరంతా తీర్మానించుకుంటే, ఆ తీర్మానాన్ని కారణాలతో సహా రాతలో ఇచ్చి మరీ బహిష్కరించండి.

సభ అయిపోయాక ఎవరూ చూడని రోజులు

పీసీబీ 8 రోజుల్లో మినిట్స్ పైకి పంపాలి. ఆ మినిట్స్ పంచాయతీ ఆఫీసులో, జిల్లా పరిషత్‌లో, కలెక్టరేట్‌లో అంటించాలి, పీసీబీ వెబ్‌సైట్లో పెట్టాలి. మినిట్స్ మీద మీ అభ్యంతరాన్ని నేరుగా అనుమతి ఇచ్చే అథారిటీకి పంపవచ్చు. ఈ అవకాశం ఉందని చాలామందికి తెలియదు. మీ ఫోన్ వీడియోలో ఉన్నదీ, మినిట్స్‌లో లేనిదీ పట్టికగా రాసి పంపండి.

తర్వాత ఫైలు నిపుణుల కమిటీ ముందుకు పోతుంది. కేంద్రం 'పరివేష్' వెబ్‌సైట్లో ప్రాజెక్టు పేరుతో వెతికితే కమిటీ సమావేశం ఎజెండా, మినిట్స్ కనిపిస్తాయి. మీ ఊళ్లో ఒకరు వారానికి ఒకసారి, మంగళవారమో శుక్రవారమో, ఒక రోజు పెట్టుకుని చూడాలి. కమిటీ మీ అభ్యంతరాలను ఒక్కొక్కటిగా చర్చించిందా, ఎందుకు కాదనుకుందో కారణం రాసిందా, లేక "ప్రజాభిప్రాయ సేకరణ జరిగింది" అని ఒక్క లైనుతో దాటేసిందా అన్నది ముఖ్యం. గోవాలో గని మీద వచ్చిన ఉత్కర్ష్ మండల్ కేసులో 2009లో ఢిల్లీ హైకోర్టు, అభ్యంతరాలను పట్టించుకున్నట్టు కారణాలతో కనిపించాలని చెప్పింది. ఆ ఒక్క లైను పేజీని ప్రింటు తీసి దాచండి. అప్పీలులో మీ మొదటి అస్త్రం అదే.

అనుమతి వచ్చిందా? రోజులు లెక్కపెట్టండి

కంపెనీ అనుమతి వచ్చిన సంగతిని షరతులతో సహా రెండు స్థానిక పత్రికల్లో వేయాలి, తన వెబ్‌సైట్లో పెట్టాలి. కాపీ పంచాయతీకి ఇవ్వాలి, పంచాయతీ దాన్ని 30 రోజులు బోర్డు మీద ఉంచాలి. ప్రభుత్వ పోర్టల్‌లో కూడా పెట్టాలి. 2013లో 'సేవ్ మోన్ రీజియన్' కేసులో జాతీయ హరిత ట్రిబ్యునల్ చెప్పిన ప్రకారం, వీటిలో ఏ దారిలోనైనా పూర్తిగా, సరిగ్గా తెలియజేసిన మొదటి తేదీ నుంచి గడువు మొదలవుతుంది. మీరు చూసిన తేదీ నుంచి కాదు. కాబట్టి ఆ లెక్కను అవతలివాళ్లకు అనుకూలంగానే వేసుకోండి: ఉత్తర్వు మీద ఉన్న తేదీయే మొదటి రోజు అనుకుని కేలండర్ మీద 30వ రోజును ఎర్ర పెన్నుతో చుట్టండి. 90వ రోజు దాటితే ఆలస్యాన్ని మన్నించే అధికారం ట్రిబ్యునల్‌కే లేదు. పంచాయతీ కార్యదర్శిని వారం వారం అడగడం సిగ్గు పడాల్సిన పని కాదు. మేము అడగలేదు.

చెన్నైకి అప్పీలు

2010 హరిత ట్రిబ్యునల్ చట్టం 16వ సెక్షన్ కింద అప్పీలు వేయాలి. తెలంగాణ కేసులు చెన్నైలోని దక్షిణ బెంచ్‌కు పోతాయి. నష్టపరిహారం అడగకుండా అనుమతిని మాత్రమే సవాలు చేస్తే ఫీజు 1,000 రూపాయలు. ఆన్‌లైన్‌లో వేయవచ్చు. వకీలు లేకుండా మీరే నిలబడవచ్చు కానీ వకీలు ఉంటే మంచిది. ఆడవాళ్లకు, ఎస్సీ, ఎస్టీలకు, ఆదాయ పరిమితి లోపల ఉన్నవాళ్లకు న్యాయ సేవల చట్టం కింద ఉచిత సహాయం ఉంది. నల్లగొండ, మహబూబ్‌నగర్ కోర్టు ఆవరణల్లో జిల్లా న్యాయ సేవాధికార సంస్థలో అడగండి, లేదా 15100కు ఫోన్ చేయండి. అనుమతి వచ్చాక కాదు, నిపుణుల కమిటీ మినిట్స్ రాగానే పోయి అడగండి.

జత చేయాల్సినవి: అనుమతి ఉత్తర్వు, పేపర్ ప్రకటనలు, మీ అభ్యంతరాలు ముద్రలతో, సభ మినిట్స్, కమిటీ మినిట్స్, నివేదికలో మీరు తప్పు పట్టిన పేజీలు, ఫొటోలు. తెలుగు కాగితాలకు ఇంగ్లిష్ అనువాదం కావాలి. నలభై తెలుగు కాగితాలుంటే అనువాదానికే వారం పడుతుంది, ఆ వారాన్ని 30 రోజుల్లో ముందే తీసి పెట్టుకోండి. 30 దాటి 90 లోపల వేస్తుంటే ఆలస్యానికి కారణం చెబుతూ విడిగా ఒక దరఖాస్తు, అఫిడవిట్ వేయాలి.

అప్పీలుతో ఏం ఒరుగుతుందని అడిగేవాళ్లకు దామరచర్ల మండలంలోని యాదాద్రి థర్మల్ కేంద్రం సంగతి చెబుతాను. 4,000 మెగావాట్ల ఆ ప్రాజెక్టుకు 2017 జూన్‌లో అనుమతి వచ్చింది. ముంబైకి చెందిన ఒక ట్రస్టు దాని మీద అప్పీలుకు పోయింది. 2022 సెప్టెంబరు 30న చెన్నై బెంచ్ ఆ అనుమతిని నిలిపి ఉంచి, మళ్లీ అధ్యయనం చేయమంది. 2024 ఫిబ్రవరిలో మళ్లీ ప్రజాభిప్రాయ సేకరణ జరిగింది. విద్యుత్ కేంద్రం ఆగిపోలేదు, నడుస్తోంది. కానీ ఆ ఊళ్లవాళ్లకు రెండోసారి మైకు ముందు నిలబడి, రెండోసారి కాగితం ఇచ్చే వీలు దొరికింది. అప్పీలుకు ఐదేళ్లు పట్టింది, అదీ నిజమే. అందుకే అప్పీలుతో పాటే స్టే కోసం దరఖాస్తు వేయాలని వకీలును అడగండి.

ట్రిబ్యునల్‌లో ఓడితే సుప్రీంకోర్టుకు 90 రోజుల్లో పోవచ్చు.

అప్పీలు గడువు దాటిపోయినా

మా ఊరి పరిస్థితే ఇది. అనుమతిని సవాలు చేసే దారి మూసుకుపోయినా, అనుమతిలోని షరతులు తప్పితే అడిగే దారి ఉంది. 14వ సెక్షన్ కింద దరఖాస్తుకు గడువు ఆరు నెలలు, కారణం చూపితే మరో 60 రోజులు. నష్టపరిహారానికి 15వ సెక్షన్, గడువు ఐదేళ్లు. అసలు అనుమతే లేకుండా పని మొదలుపెట్టినా ట్రిబ్యునల్‌కే పోవాలి. పాలమూరు-రంగారెడ్డి, డిండి ఎత్తిపోతల పనుల మీద 2022 డిసెంబరులో చెన్నై బెంచ్ సుమారు 900 కోట్ల జరిమానా వేసింది ఇలాంటి ఫిర్యాదు మీదే. 2023లో సుప్రీంకోర్టు దాని మీద స్టే ఇచ్చింది. ఆ నీళ్లు పాలమూరుకు కావాలి, నేనూ కోరుకుంటాను. అయినా ప్రభుత్వమైనా సరే అనుమతి తీసుకునే తవ్వాలని అడిగే హక్కు రైతుకు ఉందని ఆ కేసు చూపింది.

అనుమతి పొందిన ప్రతి కంపెనీ షరతుల అమలు మీద ఏటా జూన్ 1న, డిసెంబరు 1న నివేదిక ఇవ్వాలి. అవి జనం చూడాల్సిన కాగితాలే. మేము ఇప్పుడు ఏడాదికి రెండుసార్లు ఆ నివేదిక తెప్పించుకుంటున్నాం. గని వాళ్లు రాసిన నీటిమట్టం పక్కన మా ఊళ్లో ఆరు బావుల నీటిమట్టం రాసుకుంటున్నాం. ప్రతి నెలా ఒకటో తారీకున, తాడుకు రాయి కట్టి కొలుస్తాం. తొలి బావి ఆ కాకదే. ఆయన మనవడు కొలుస్తాడు, కొలిచిన అంకె పక్కన ఇద్దరు సాక్షుల సంతకాలు తీసుకుంటాడు.